హాస్టల్లో నాస్తికుడి ఒక్కపొద్దు

మా బావమరిది కొడుకు లెక్చరర్‌గా చేరి ఏడాది తిరక్కముందే అతని నెత్తిన హాస్టల్ వార్డెన్ పని పెట్టారు. పాపం, బెదిరిపోయి నా దగ్గరికి వచ్చాడు. "మామయ్యా, వార్డెనంటే ఏం చెయ్యాలె" అని అడిగాడు. టీ తాగి వెళ్ళమన్నాను. ఒక టీ తాగేలోపు చెప్పే సంగతి కాదు కాబట్టి, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అతనికే కాదు, ఆ పనిలో ఇరుక్కోబోయే వాళ్ళందరికీ పనికొస్తుంది.

నేను వరంగల్‌లో ఒక ఇంటర్మీడియట్ కాలేజీలో గణితం చెప్పేవాణ్ణి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నిజాం రాజ్యం కాబట్టి చదువంతా ఉర్దూలోనే. లెక్కలు ఉర్దూలో చెప్పి, రానివాళ్ళను తెలుగులో తిట్టేవాణ్ణి. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను దాటి ఎవరు పై కుర్చీ ఎక్కారు అన్నవి రాయను. అవి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, చదివేవాళ్ళకు నిద్ర వస్తుంది.

వార్డెన్ అంటే గదులు, తాళాలు, దీపాలు, దొంగతనంగా సినిమాకు వెళ్ళే పిల్లలు అని అందరూ అనుకుంటారు. అదంతా పైపని. అసలు పని దేవుడి వ్యవహారం. కుర్రవాడు మొదటిసారి ఇల్లు విడిచి వస్తాడు. వాడి వెంట వాడి దేవుడూ వస్తాడు. ఇద్దరికీ కొత్త చోటే. ఎవరు ముందు సర్దుకుంటారో, ఎవరు ఎవరిని వదిలేస్తారో, మళ్ళీ ఎక్కడ కలుసుకుంటారో వార్డెన్ పక్కన నిలబడి చూడాలి. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

బొట్టు సంగతి

వానలు మొదలయ్యే రోజుల్లో కొత్త పిల్లలు దిగేవారు. ఇనప పెట్టె, పరుపు చుట్ట, పచ్చడి జాడీ, నుదుటి మీద బొట్టు. మొదటి వారం ఆ బొట్టు దూరం నుంచి కనబడేది. దసరా దగ్గర పడేసరికి కందిబద్దంత అయ్యేది. చలికాలంలో నేను కళ్ళద్దాలు పెట్టుకుని వెతికినా దొరికేది కాదు. మళ్ళీ సెలవులకు ఊరెళ్ళే రోజు పొద్దున మాత్రం నుదురంతా నిండిపోయేది. కాజీపేట ప్లాట్‌ఫారం మీద మా పిల్లలను చూసినవాళ్ళు ఏదో మఠం ఖాళీ చేసి పోతున్నారని అనుకుని ఉంటారు.

ఇది చూసి కొత్త వార్డెన్లు హడలిపోతారు. కుర్రాళ్ళు చెడిపోతున్నారని తల్లిదండ్రులకు కబురు పెడతారు. ఆ పని చెయ్యకండి. ఇంట్లో ఉన్నంతకాలం కుర్రవాడికి దేవుడు గూట్లో దీపం లాగా ఉంటాడు. వెలిగించేది అమ్మ, నూనె పోసేది అమ్మ. తన భక్తి ఎంతో, అమ్మ భక్తి ఎంతో వాడికి అప్పటిదాకా తెలియదు. హాస్టల్లో తెలుస్తుంది. కొందరికి తనది ఏమీ లేదని తెలుస్తుంది. కొందరికి ఉందని తెలిసి వాళ్ళే ఆశ్చర్యపోతారు. ఇందులో మన చెయ్యి పెట్టవలసిన పని లేదు.

ఈ మాట ఇంత ధీమాగా రాస్తున్నాను కానీ, మొదట్లో నేనూ చెయ్యి పెట్టాను. పెట్టించింది మా ప్రిన్సిపాల్ సాబ్.

ప్రిన్సిపాల్ సాబ్ ఇంతెజాం

ఆయన హైదరాబాద్ పెద్దమనిషి. షేర్వానీ గుండీ ఒక్కటి కూడా ఊడనిచ్చేవారు కాదు. న్యాయం విషయంలో మహా పట్టుదల. రంజాన్ నెలలో ముస్లిం పిల్లలకు తెల్లవారకముందు సహరీ, సాయంత్రం ఇఫ్తార్ హాస్టల్లోనే దగ్గరుండి ఏర్పాటు చేయించారు. ఆ నెల అయిపోగానే నన్ను పిలిపించారు. హిందూ పిల్లలకు కూడా ఉపవాసాలు ఉంటాయి కదా, వాళ్ళకు ఏం పెడుతున్నారని అడిగారు.

మావాళ్ళలో కొందరికి ఒక్కపొద్దు అలవాటు. వారంలో ఒకరోజు పగలు మాత్రం అన్నం తిని, రాత్రికి అన్నం ముట్టకుండా ఫలహారంతో సరిపెట్టుకుంటారు. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, ఇలా ఎవరి మొక్కు వారిది. హాస్టల్లో అలాంటివాళ్ళు ఒక చాప మీద సరిపోయేంతమంది. వాళ్ళకు రాత్రి ఒక అరటిపండు, గ్లాసు పాలు ఇస్తున్నామని చెప్పాను.

సాబ్ మొహం చిన్నబోయింది. "అరటిపండు మేకకు పెడ్తరు పంతులూ. జర మంచిగ ఇంతెజాం చెయ్యుండ్రి" అన్నారు. ఇంతెజాం అంటే ఏర్పాటు.

"మీది ఒక్క నెల సాబ్. మావాళ్ళకు వారంలో ఏడు రోజులూ దేవుళ్ళున్నారు" అని హెచ్చరించాను.

"అయితె ఏడు రోజులు పుణ్యమే గద" అని ఆయన గోధుమపిండికీ, నెయ్యికీ అక్కడికక్కడే సరే అన్నారు. బియ్యం కరువున్న రోజులు. రాత్రి అన్నం తినేవాళ్ళు తగ్గితే మంచిదేనన్న ఆలోచన కూడా ఆయన మనసులో ఉండి ఉంటుంది.

మా వంటాయన కిష్టయ్య ఇన్నాళ్ళూ రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరి ఏరి విసిగిపోయిన మనిషి. చేతికి నెయ్యి అందేసరికి చెలరేగిపోయాడు. శనివారం రాత్రి పూరీలు, ఆలుగడ్డ కూర. సోమవారం జీడిపప్పు వేసిన ఉప్మా. గురువారం బెల్లం హల్వా. పక్క బంతిలో మామూలు పిల్లలకు ముక్కిపోయిన బియ్యపు అన్నం, పప్పుచారు. ఆ చారులో పప్పు కోసం గరిటెతో దేవులాడాలి.

మొదటి శనివారం పూరీల వాసన గదుల దాకా వెళ్ళింది. రెండో శనివారానికి ఒక్కపొద్దు చాప చాలలేదు. నెల తిరిగేసరికి హాస్టల్లో ఇంత భక్తి ఎప్పుడూ చూడలేదని నేనే పొంగిపోయాను. వర్ధన్నపేట నుంచి వచ్చిన సాంబయ్య అనే దుకాణదారుల కుర్రవాడు శనివారంతో మొదలుపెట్టి సోమవారం కలిపాడు, తర్వాత గురువారం కూడా పట్టాడు. గురువారం ఏ దేవుడిదిరా అని అడిగాను. "అది నాకెర్కలేదు సార్, కిష్టయ్య హల్వా చేస్తాండు" అన్నాడు. అబద్ధం చెప్పని పిల్లవాడు.

అప్పటికైనా నాకు అర్థం కావలసింది. కాలేదు. నా హయాంలో పిల్లల్లో దైవచింతన పెరిగిందని ప్రిన్సిపాల్ సాబ్ దగ్గరికి వెళ్ళి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ నవ్వారు. రంజాన్‌లో పొద్దుటి నమాజుకు ఆయనా, ఇద్దరు పిల్లలూ ఉండేవారట. ఇఫ్తార్‌కు మాత్రం పరిచిన గుడ్డ చాలక దుప్పట్లు పరిచేవారట. "అంత మన పోరగాండ్లే పంతులూ" అన్నారు. ఆ మాటకు నా పొంగు దిగిపోయింది.

ఓదెలు

ఇంతమంది భక్తుల మధ్య మాకు ఒక్కడే నాస్తికుడు ఉండేవాడు. పేరు ఓదెలు. ఊరు రఘునాథపల్లి. మగ్గం నేసే ఇల్లు. తండ్రి పోయాక మేనమామ నేస్తుంటే, తల్లి కండెలు చుట్టి కొడుకును చదివించింది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. క్లాసులో నేను చేసే తప్పులు ముందు పట్టుకునేది అతనే. అందుకని అతనంటే నాకు ఇష్టమూ, భయమూ రెండూ ఉండేవి.

మొదటి ఏడాది అందరిలాగే బొట్టుతో వచ్చాడు. రెండో ఏడాది ఒకరోజు భోజనాల దగ్గర, కూరలో ఉప్పు లేదని చెప్పినంత మామూలుగా, దేవుడు లేడని చెప్పాడు. పిల్లలు ఉలిక్కిపడి నా దగ్గరికి తీసుకొచ్చారు. ఏమైందిరా అని అడిగాను.

"నాకన్న ముంగట అన్న పుట్టిండు, అక్క పుట్టింది. ఇద్దరు పోయిండ్రు. నాకు జరమొస్తె మా అవ్వ మొక్కిందని నన్ను ఇడిసిపెట్టిండట దేవుడు. వాండ్లకు గుడ మొక్కింది గద సార్. ఈ లెక్క నాకు కుదుర్తలేదు" అన్నాడు.

మా వైపు చాలా ఇళ్ళల్లో తల్లిని అవ్వ అనే పిలుస్తారు. నేను గణితం చెప్పేవాణ్ణే కానీ ఆ లెక్క నాకూ కుదరలేదు. వెళ్ళి చదువుకోమన్నాను. జవాబు తెలియనప్పుడు ఉపాధ్యాయులందరం చెప్పే మాట అదే.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ తల్లి మొక్కు శనివారం ఒక్కపొద్దు. పిల్లవాడు బతికితే వాడి చేత వెంకన్నకు ఒక్కపొద్దు ఉంచుతానని మొక్కుకుంది. కాస్త ఊహ తెలిశాక తన చేతిలో చెయ్యి వేయించుకుంది. కాలేజీకి పంపేటప్పుడు రైలు కిటికీ పట్టుకుని శనివారం మరువకు కొడుకా అని మళ్ళీ చెప్పింది. ఆ మాట కోసం ఓదెలు శనివారం రాత్రి అన్నం ముట్టేవాడు కాదు. సరే, పూరీలు తినవచ్చు కదా. తినడు. అవి దేవుడి పేరుతో ఉన్నవాళ్ళకు పెట్టేవి, లేని దేవుడి పేరు చెప్పి నెయ్యి తింటే తను దొంగ అవుతానంటాడు. అన్నం తింటే తల్లికి మాట తప్పినట్టు, పూరీ తింటే తనకు తాను మాట తప్పినట్టు. దాంతో శనివారం రాత్రి మంచినీళ్ళు తాగి పడుకునేవాడు.

అంటే లెక్క ఇలా తేలింది. దేవుడున్నాడని నమ్మినవాళ్ళంతా శనివారం రాత్రి తేన్పులు తీస్తున్నారు. లేడన్నవాడు ఒక్కడే నిఖార్సైన ఉపవాసం చేస్తున్నాడు.

నాస్తికుడికి దండాలు

ఈ సంగతి మొదట పసిగట్టినవాడు సాంబయ్య. పూరీ నోట్లో పెట్టుకుని అటు చూస్తే, ఓదెలు నీళ్ళ చెంబుతో పోతున్నాడు. సాంబయ్యకు గుండె కలుక్కుమంది. మనం తింటున్నాం, ఆయన చూడు అని పక్కవాళ్ళకు చెప్పాడు. చెప్పి, ఇంకో పూరీ వేయించుకున్నాడు.

మొదటి సంవత్సరం పిల్లలు ఓదెలు ఎదురుపడితే పక్కకు తప్పుకోవడం మొదలుపెట్టారు. తర్వాత దండాలు. నెలపరీక్షల ముందు ఒకడు తన కలం తెచ్చి ఒకసారి ముట్టుకోమని అడిగాడు. ఓదెలుకు కోపం వచ్చింది. దేవుడూ లేడు, దయ్యమూ లేదు, పోయి చదువుకోండని గట్టిగా తిట్టి పంపించాడు. వాడు నా గణితంలో పాసయ్యాడు. వాడు పాసవుతాడని నేను కూడా అనుకోలేదు.

ఇక చెప్పేదేముంది. తిట్టు తగిలితే పాసవుతారన్న పేరు పడింది. పిల్లలు తిట్టించుకోవడానికి వరస కట్టారు. దేవుణ్ణి అన్నన్ని మాటలు అంటున్నాడే, మరి భక్తుడెలా అవుతాడురా అని నేను సాంబయ్యను నిలదీశాను.

"ఉన్న దేవుణ్ణి గట్ల తిట్టాల్నంటె ఎంత సనువుండాలె సార్" అన్నాడు సాంబయ్య.

ఓదెలు విసిగిపోయి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. మౌనం పట్టాడన్నారు. చదువు ధ్యాసలో తల దువ్వుకోలేదు. జడలు కడుతున్నాయన్నారు. ఈ ధాటికి ప్రిన్సిపాల్ సాబ్ కూడా నన్ను పక్కకు పిలిచి, మా హాస్టల్లో ఎవరో పీరు వెలిశాడట కదా, మెట్రిక్ తప్పుతున్న తన చిన్నవాణ్ణి ఒకసారి తీసుకొస్తే ఎలా ఉంటుందని అడిగారు. సగం వేళాకోళానికి అడిగారు. మిగతా సగం సంగతి నేను తరిచి అడగలేదు.

ఉపన్యాసం

చివరికి ఓదెలుకు ఒక ఉపాయం తోచింది. ఆదివారం పొద్దున భోజనాల హాల్లో దేవుడు లేడని ఉపన్యాసం ఇస్తానని, అందరి ముందూ కారణాలతో సహా చెబితే ఈ గొడవ పోతుందని నా అనుమతి అడిగాడు. ఇచ్చాను. ఇవ్వవచ్చా అని ఇప్పుడు కొందరు అడుగుతారు. ఇవ్వాలి. దేవుడు ఉన్నాడని చెప్పేవాళ్ళకు ఊరంతా చోటుంది. లేడనేవాడికి కనీసం భోజనాల హాలైనా ఇవ్వాలి.

హాలు నిండిపోయింది. అందరూ తలస్నానాలు చేసి వచ్చారు. చలికాలంలో నెల తిరిగినా తలస్నానం చెయ్యని వెధవలు. ఎవరో తాతగారి జింకచర్మం తెచ్చి పరిచారు. ఓదెలు దాన్ని కాలితో పక్కకు నెట్టి నేల మీద నిలబడ్డాడు. ఆసనం కూడా అక్కర్లేదన్నాడని వెనక గుసగుసలు.

ఆ కుర్రవాడు ఎంత బాగా మాట్లాడాడో చెప్పలేను. ఒక మాట మీద ఒక మాట పేర్చుకుంటూ, సూత్రం నిరూపించినట్టు మాట్లాడాడు. నేను మధ్యలో రెండుసార్లు తల ఊపాను కూడా. అయిపోయాక ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నాడు.

వెనక వరస నుంచి ఒకడు లేచి చేతులు జోడించాడు. "అన్నా, జామెట్రీ పేపర్ల ఏమొస్తది" అన్నాడు.

ఓదెలు ఆ సంగతి తనకు తెలియదని చెప్పబోయాడు. ఈలోపు సాంబయ్య ముందుకు వచ్చి కొబ్బరికాయ కొట్టి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి, ఉపన్యాసకుడి మొహం చుట్టూ తిప్పాడు. ఓదెలు దాన్ని ఉఫ్మని ఊది ఆర్పేశాడు. పిల్లలు అప్పటికే కళ్ళకు అద్దుకోవడం అయిపోయింది. కొబ్బరి ముక్కలు పంచారు. నాకూ ఒకటి వచ్చింది, తిన్నాను.

ఆ సాయంత్రం ఓదెలు నా గదికి వచ్చి కూలబడ్డాడు. ఈ గొడవతో నిద్ర పట్టక బాగా చిక్కిపోయాడు. కళ్ళ కింద నల్లగా అయ్యింది.

"నేను అబద్ధమైపోయిన సార్. నోటితోని ఏం చెప్పినా ఎవ్వరు ఇంటలేరు, ఉపాసమే చూస్తాండ్రు" అన్నాడు.

అయితే ఆ ఉపవాసమే మానెయ్యమన్నాను. ఊరెళ్ళి తల్లికి ఉన్నదున్నట్టు చెప్పమన్నాను.

"చెప్తె ఆమె పానం ఆగది సార్. మొక్కు తప్పితె నేను సస్తనని భయపడ్తది. దేవుడు లేడని నాకెరికే. ఆమె భయముంది గద, అది ఉన్నది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆస్తికులు, నాస్తికులు చాలామంది నాతో వాదించారు. ఇంత నిక్కచ్చిగా మాట్లాడినవాడు ఇంకొకడు లేడు. ఈసారి చదువుకోమని కూడా అనలేదు.

అవ్వ

వారం గడవకముందే ఆవిడే వచ్చింది. మా కాలేజీలో కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లలు చదివేవారు. వాళ్ళ నోట పడ్డ మాట రైలెక్కకుండా ఎలా ఉంటుంది. ఓదెలు తిండి మానేశాడు, మాట్లాడటం లేదు, జడలు కట్టాడు, దండాలు పెట్టించుకుంటున్నాడు, పరీక్షలు కాగానే కాశీకి పోతాడు అని రఘునాథపల్లి స్టేషన్లో దిగేసరికి ఆ మాట పెద్దదైపోయింది.

శనివారం సాయంత్రం, భోజనాల గంటకు కాస్త ముందు, నా గది గుమ్మంలో ముతక చీరలో ఒక చిన్న మనిషి నిలబడి ఉంది. నన్ను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"సారూ, నా కొడుకును సదువుకని తోలిన. సాధువును చేస్తరా" అంది.

మీవాడు సాధువు కాడమ్మా అని చెబితే, మరేమిటని అడుగుతుంది. దేవుడు లేడంటున్నాడని చెబితే మొక్కు సంగతి వస్తుంది. సాధువు మేలా, నాస్తికుడు మేలా అని ఒక తల్లికి చెప్పవలసిన అవసరం ఏ వార్డెన్‌కూ రాకూడదు. నేను ఏ పక్కకూ ఒరగకుండా, కొడుకునే అడగమని హాలుకు తీసుకెళ్ళాను.

అప్పుడే బంతులు కూర్చుంటున్నాయి. పూరీల బంతి గోడ నుంచి గోడ దాకా ఉంది. అన్నం బంతిలో ముగ్గురో నలుగురో. ఓదెలు మూల చెంబు దగ్గర నిలబడి ఉన్నాడు. తల్లిని చూసి కదలలేదు. ఆవిడ వెళ్ళి అతని చిక్కిన చెంపలు తడిమింది. కాశీకి పోతావా అని అడిగింది.

"నేను సాధువును గాదవ్వా. నాకు దేవుడంటెనే నమ్మకం లేదు" అన్నాడు ఓదెలు. అంత పెద్ద హాల్లో పూరీ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడింది. నేను కిష్టయ్యను నీళ్ళు తెమ్మన్నాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, "గింతేనా" అంది. "నా గుండె పగిలిపాయె గదరా. సాధువైతె మల్ల ఇంటికి రాడు. నమ్మకం లేనోడు ఆకలైతెనన్న ఇంటికి అస్తడు."

ఓదెలుకు ఏమీ అర్థం కాలేదు. మరి మొక్కు సంగతి ఏమిటని మెల్లగా అడిగాడు.

"ఏం మొక్కురా. మూతి మీద మీసమొచ్చేదాక ఉంచుతనని మొక్కిన. నీకు మీసమొచ్చి ఎన్నడాయె."

హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఓదెలు మీసం వైపు చూశారు. కాలేజీలో చేరేనాటికే ఉన్న మీసం. ఓదెలు చెయ్యి దానంతట అదే మూతి మీదికి వెళ్ళింది.

"మరి రైలు కాడ శనివారం మరువకంటివి" అన్నాడు.

"అంటి. నన్ను మరువకు కొడుకా అని అందరి నడుమ ఎట్లంట. సిగ్గుగాదా. వారంల ఒక్కనాడన్న ఆకలైతె అవ్వ యాదికస్తదనుకున్న."

సాంబయ్య ముక్కు ఎగబీల్చాడు. ఆవిడ లేచి కిష్టయ్య చేతిలోంచి అన్నం గిన్నె లాక్కుని, కొడుకును కూర్చోబెట్టి, తన చేత్తో వడ్డించింది. పప్పుచారు గరిటెతో కింది నుంచి తోడి పప్పు పైకి తెచ్చింది. ఆ చారులో అంత పప్పు ఉందని మాకు ఆ రోజే తెలిసింది. ఓదెలు తల వంచుకుని గబగబా తిన్నాడు. నాలుగు ముద్దలు తిన్నాక తల ఎత్తి, నువ్వు తినవా అన్నాడు.

"నాకియ్యాల ఒక్కపొద్దు" అంది ఆవిడ.

"మొక్కు తీరిందంటివి గద."

"నీది తీరింది. నేను మొక్కింది వేరే. నా కొడుకు బతికి ఉన్నన్ని రోజులు నేనుంటనని మొక్కిన. దానికి మీసం గడువు లేదు. నువ్వు తిను."

ఓదెలు చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. ఆవిడ వీపు మీద ఒక్కటి చరిచింది. మళ్ళీ తిన్నాడు.

తర్వాత

ఆ రాత్రి ఆవిడను వంటింటి పక్క గదిలో పడుకోబెట్టి, పొద్దున పాసింజర్‌కు ఎక్కించాం. సగం హాస్టల్ స్టేషన్‌కు వచ్చి ఆవిడ కాళ్ళకు దండం పెట్టింది. ఈసారి ఆ దండాలు చూసి ఓదెలు ఎవరినీ తిట్టలేదు.

కొత్త వార్డెన్లకు నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఎవరు గుడికి పోతున్నారు, ఎవరు మానేశారు, ఎవరి బొట్టు ఎంత అని చూసుకుంటూ కూర్చుంటే మీకు ఏమీ తెలియదు. పిల్లవాడు ఎవరికి మాట ఇచ్చాడో, ఆ మాట కోసం ఏం వదులుకుంటున్నాడో చూడండి. పూరీలు చేసిన రోజు రెండు బంతులకూ పూరీలే పెట్టండి. మేము తర్వాతి ఏడాది నుంచి అలాగే పెట్టాం, భక్తులు మళ్ళీ ఒక చాపకు దిగారు. సాంబయ్య గురువారం మానేశాడు. శనివారం మాత్రం ఉంచుకున్నాడు. ఎందుకురా అంటే అలవాటైంది సార్ అన్నాడు. అలా కూడా కొందరికి దేవుడు దొరుకుతాడు.

కానీ ఓదెలు సంగతి పూర్తి చెయ్యాలి. మరుసటి శనివారం సాయంత్రం గంట కొట్టకముందే నా దగ్గరికి వచ్చాడు. తల దువ్వుకున్నాడు. రాత్రికి తనకు అన్నం వద్దని కిష్టయ్యకు చెప్పమన్నాడు.

నేను విస్తుపోయాను. మొక్కు తీరిపోయింది, తల్లి తన చేత్తో అన్నం పెట్టి వెళ్ళింది, ఇంకా ఏమిటన్నాను.

"అవ్వ ఒక్కతే ఉంటది గద సార్ ఒక్కపొద్దు" అన్నాడు.

"మరి దేవుడున్నాడా?"

"లేడు సార్. అవ్వ ఉన్నది" అని, పోయి పూరీల బంతిలో కూర్చున్నాడు.